గర్భిణులకు టీకాల కౌన్సెలింగ్: వెళ్లొచ్చాక నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాశాను. కడుపుతో ఉన్నప్పుడు టీకాలు వేయించుకోవాలా వద్దా తేల్చుకోలేక, రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ ఇంకా టెన్షన్ పెంచుకునే వాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను కాబట్టి కాస్త పొడవుగానే ఉంటుంది.

సర్వీసు ఏంటంటే, గర్భిణులతో టీకాల గురించి మాత్రమే మాట్లాడే అపాయింట్‌మెంట్. మామూలు చెకప్‌లో భాగం కాదు, విడిగా బుక్ చేసుకోవాలి. ఒక డాక్టరమ్మ, ఒక నర్సు ఉంటారు. మన పాత రికార్డులు చూస్తారు, అడిగినన్ని ప్రశ్నలకి జవాబు చెప్తారు, ఏ టీకా ఏ వారంలో అన్నది కాగితం మీద రాసిస్తారు. కావాలంటే అక్కడే వేస్తారు, ఆలోచించుకుని వస్తామంటే సరే అంటారు. ఇలాంటి విభాగం దగ్గర్లో లేకపోతే మీ గైనకాలజిస్టునే ఈ ఒక్క విషయానికి విడిగా టైమ్ అడగండి. నేను రాసేవి ఎక్కువగా అక్కడ విన్న విషయాలే కాబట్టి, ఏం అడగాలో ఓ అవగాహన వస్తుంది.

నేను ఎందుకు వెళ్లాల్సి వచ్చిందంటే, చెకప్‌లకి వెళ్లే చోట టీకాల సంగతి అడిగితే "వేయించుకుంటే మంచిది, కానీ మీ ఇష్టం, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. ఏ టీకా అంటే "అన్నీ" అన్నారు. అన్నీ అంటే ఏవేవి, ఎప్పుడు, నాకెందుకు, బిడ్డకెందుకు, ఏదీ చెప్పలేదు. వెనక పేషెంట్లు చాలామంది ఉన్నారు, వాళ్ల తొందర వాళ్లది, అది నాకు అర్థమవుతుంది. కానీ నా మొదటి బాబు నెలలు నిండకముందే పుట్టాడు, ఇంక్యుబేటర్‌లో వాడిని చూసిన దాన్ని, "మీ ఇష్టం" అనే మాట విని ఊరుకునే పరిస్థితిలో నేను లేను. ఇంట్లో అత్తయ్యేమో "మా రోజుల్లో టీటీ ఒక్కటే ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ఇవన్నీ ఎందుకమ్మా" అనేవారు. ఆఫీసులో ఒకావిడ అయితే ఇంకా వేయించుకోలేదంటే ఏదో ఘోరం చేస్తున్నట్టు చూసేది. ఇద్దరి మధ్యా నలిగిపోయాను.

అపాయింట్‌మెంట్‌లో నాకు మొదట నచ్చింది, డాక్టరమ్మ టీకా మాట ఎత్తకుండా చాలాసేపు నన్నే ప్రశ్నలు అడగడం. ఇంతకుముందు ఏ టీకాలు తీసుకున్నారు, దేనికైనా అలర్జీ వచ్చిందా, మొదటి కాన్పు ఎందుకు ముందే అయింది, రుబెల్లా (దద్దుర్లు, జ్వరం వచ్చే ఒక వైరస్ జబ్బు) పరీక్ష చేయించారా, నెలలు నిండేది జలుబు జ్వరాల సీజన్‌లోనా, బిడ్డ పుట్టాక ఇంట్లో ఎవరెవరుంటారు, బడికెళ్లే పిల్లలున్నారా. చివరి రెండు ప్రశ్నలు ఎందుకో అప్పుడు తెలియలేదు. అన్నీ రాసుకున్నాక ఆవిడ అన్న మాట ఇది: "వేయించుకోవాలా వద్దా అన్నది ఒక్క ప్రశ్న కాదమ్మా. ఒక్కో టీకాకి ఒక్కో ప్రశ్న. విడదీసి చూద్దాం." ఆ మాటతోనే సగం బరువు దిగింది నాకు. అప్పటిదాకా అన్నిటినీ కలిపి ఒకే ముద్దగా భయపడుతున్నాను.

ముందు, ఇప్పుడు వేయకూడనివి పక్కన పెట్టారు. వైరస్‌ని చంపకుండా బలహీనపరిచి చేసే టీకాలు, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపి ఇచ్చే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రే లాంటివి గర్భంతో ఉన్నప్పుడు ఇవ్వరు. బిడ్డకి హాని చేస్తాయని రుజువై కాదు, ఆ వైరస్ బిడ్డ దాకా చేరే అవకాశం మాటవరసకైనా ఉంది కాబట్టి జాగ్రత్త. అసలు రుబెల్లా జబ్బే వస్తే మాత్రం అది మాటవరస కాదు. 1941లో నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి డాక్టరు, పుట్టుకతోనే కంటిలో శుక్లాలున్న పసిపిల్లలు వరసగా వస్తుంటే, వాళ్ల తల్లులకి గర్భం తొలి నెలల్లో రుబెల్లా వచ్చిందని గుర్తించారు. 1964, 65లో అమెరికాలో వచ్చిన రుబెల్లా వల్ల దాదాపు 20 వేల మంది పిల్లలు చెవుడు, గుండె లోపాలు, కంటి లోపాలతో పుట్టారు. అందుకే ఈ టీకా గర్భం రాకముందే తీసుకోవాలి, తీసుకున్నాక కనీసం ఒక నెల ఆగాలి.

నా రిపోర్టులో రుబెల్లా రక్షణ లేదని వచ్చింది. ఇప్పుడు చేసేదేం లేదు, దద్దుర్లు, జ్వరం ఉన్నవాళ్లకి దూరంగా ఉండండి, కాన్పు అయ్యాక ఎంఎంఆర్ వేస్తాం, పాలిస్తున్నా పర్వాలేదు అన్నారు, కాగితం మీద కూడా రాశారు. ఇక్కడే ఇంకో విషయం అడిగాను, మా చెల్లెలి స్నేహితురాలు గర్భం అని తెలియక ఎంఎంఆర్ వేయించుకుని, తెలిశాక ఏడుస్తూ కూర్చుంది. అలా పొరపాటున వేయించుకున్న వాళ్లని ఎన్నో ఏళ్లుగా గమనించారట, టీకా వల్ల రుబెల్లా లోపాలతో బిడ్డ పుట్టిన దాఖలా లేదు, ఆ కారణంతో గర్భం తీయించుకోనక్కర్లేదు అని గట్టిగా చెప్పారు. ఆ అమ్మాయికి వెంటనే మెసేజ్ పెట్టాను. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఇదే భయంలో ఉంటే దయచేసి ఈ ముక్క చెప్పండి.

తర్వాత ధనుర్వాతం. దీని దగ్గర ఎక్కువసేపు పట్టలేదు కానీ అత్తయ్య మనసు మారింది ఇక్కడే, ఆరోజు నాతో వచ్చారు కాబట్టి. డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగి, "మీరు అప్పట్లో వేయించుకున్న టీటీ మీ ఒక్కరి కోసం కాదండీ, కడుపులో బిడ్డ కోసం కూడా" అన్నారు. బొడ్డు కోసేటప్పుడు శుభ్రం లేకపోతే పసికందుకి ధనుర్వాతం వచ్చేది, వస్తే బతకడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 1988లో ప్రపంచం మొత్తం మీద 7,87,000 మంది నవజాత శిశువులు దీనితో పోయారు, 2018కి అది 25 వేలకి తగ్గింది. శుభ్రమైన కాన్పులు, తల్లులకి టీకాలు, ఈ రెండిటి వల్లే. అంటే తల్లికి టీకా వేసి బిడ్డని కాపాడటం ఇప్పుడు కొత్తగా కనిపెట్టింది కాదు, అత్తయ్య తరం చేసిందే. అది విన్నాక ఆవిడ కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని కూర్చున్నారు, ఆ తర్వాత నాకంటే ఎక్కువ ప్రశ్నలు ఆవిడే అడిగారు.

ఇక అసలు విషయం, కోరింత దగ్గు. ఈ అపాయింట్‌మెంట్‌లో నాకు బాగా ఉపయోగపడింది ఇదే. ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు మూడిటికీ కలిపి ఉండే టీకాని టీడాప్ అంటారు. మొదటి కాన్పులో వేయించుకున్నాను, మళ్లీ ఎందుకు అన్నది నా ప్రశ్న.

డాక్టరమ్మ ఒక తెల్లకాగితం తీసుకుని అడ్డంగా గీత గీశారు. మధ్యలో చుక్క పెట్టి "కాన్పు" అని రాశారు. చుక్కకి కుడిపక్కన ఇంకో చుక్క, "బిడ్డకి మొదటి టీకా", అది దేశాన్ని బట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో. ఆ రెండు చుక్కల మధ్య పెన్నుతో గళ్లు కొట్టి, "ఇక్కడ బిడ్డకి సొంత రక్షణ ఏమీ లేదు" అన్నారు. మొదటి టీకాతోనే పూర్తి రక్షణ రాదు కాబట్టి గళ్లు ఇంకొంచెం కుడికి పొడిగించారు. కోరింత దగ్గు బాగా ప్రాణం మీదికొచ్చేది ఆ గళ్ల వయసులోనే, అందులోనూ అంత చిన్నపిల్లలు పెద్దవాళ్లలా గట్టిగా దగ్గరు కూడా, ఊపిరి ఆగిపోతూ నీలంగా మారిపోతారు, దగ్గు అని ఇంట్లో గుర్తుపట్టేలోపే ఆస్పత్రి పాలవుతారు. తర్వాత ఎడమపక్కకి వచ్చారు. తల్లికి టీకా వేశాక యాంటీబాడీలు, అంటే రోగంతో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థాలు, బాగా పెరగడానికి రెండు వారాల దాకా పడుతుంది, అవి మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డకి ఎక్కువగా చేరేది చివరి మూడు నెలల్లో. అందుకని అమెరికాలో 27 నుంచి 36 వారాల మధ్య, అందులోనూ ముందు భాగంలో వేయించుకోమంటారు. బ్రిటన్‌లో 16 వారాల నుంచే ఇస్తారు, నెలలు నిండకముందే పుట్టే పిల్లలకి కూడా అందాలని. మొదటి కాన్పులో వచ్చిన యాంటీబాడీలు ఇప్పటికి బాగా తగ్గిపోయి ఉంటాయి, అప్పుడు ఎక్కువగా చేరింది మా బాబుకి, ఈ బిడ్డకి కావాలంటే మళ్లీ వేయించుకోవాల్సిందే. ప్రతి గర్భానికీ ఒకసారి.

ఆ గళ్ల కాగితం ఇప్పటికీ నా ఫైల్‌లో ఉంది. నేను చదివిన ఏ వ్యాసమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. బడికెళ్లే పిల్లలున్నారా అని ఎందుకు అడిగారో కూడా అప్పుడే తెలిసింది, పసిబిడ్డకి ఈ దగ్గు చాలాసార్లు ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది.

ఎంతవరకు పనిచేస్తుంది అంటే, బ్రిటన్‌లో కోరింత దగ్గు బాగా పెరిగి 2012 అక్టోబరులో గర్భిణులకి ఇవ్వడం మొదలుపెట్టారు, మొదటి ఏడాది లెక్కలు చూస్తే మూడు నెలల లోపు పిల్లల్లో రక్షణ 91 శాతం. ఇది నాకు చాలు. కానీ డాక్టరమ్మ అక్కడితో ఆపలేదు, తిరకాసు ఉన్న సంగతులు కూడా ఆవిడే చెప్పారు, నేను అడగకుండానే. 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో టీడాప్ తీసుకున్నవాళ్లలో ఉమ్మనీటి పొరలకి ఇన్ఫెక్షన్ వచ్చినట్టు 6.1 శాతం మందిలో, తీసుకోనివాళ్లలో 5.5 శాతం మందిలో నమోదైంది. అయితే నెలలు నిండకముందే కాన్పులు మాత్రం పెరగలేదు. ఇంకోటి, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల బిడ్డ తన సొంత టీకాకి కొంచెం తక్కువగా స్పందించవచ్చు. అయినా మొత్తం మీద ప్రమాదకరమైన ఆ తొలి నెలల్లో రక్షణ దొరకడం ఎక్కువ లాభం. ఈ రెండూ నేను తర్వాత ఎక్కడో చదివి ఉంటే "చూశారా, మన దగ్గర దాచారు" అని కంగారుపడేదాన్ని. ముందే విన్నాను కాబట్టి ఆ కంగారు లేదు. వాళ్ల మీద నమ్మకం కుదిరింది కూడా అక్కడే.

ఫ్లూ టీకా గురించి నేను తేలిగ్గా తీసుకున్నాను, జలుబే కదా అని. గర్భంతో ఉన్నప్పుడు గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం ముందే ఎక్కువగా ఉంటుంది, రోగనిరోధక శక్తి పనితీరు కూడా మారుతుంది, అందుకే అదే ఫ్లూ మామూలు ఆడవాళ్లకంటే గర్భిణుల్ని ఎక్కువగా ఆస్పత్రి పాలు చేస్తుంది. 2009లో స్వైన్ ఫ్లూ అప్పుడు ఇది బాగా బయటపడింది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ టీకా ఇచ్చే దేశాల్లో గర్భిణులకి అందరికంటే ముందు ప్రాధాన్యం ఇవ్వమని చెప్పింది. ఇక బిడ్డ సంగతి, ఆరు నెలలు వచ్చేదాకా పిల్లలకి ఫ్లూ టీకా వేయరు. బంగ్లాదేశ్‌లో 340 మంది గర్భిణులతో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది, అందులో తల్లి ఫ్లూ టీకా తీసుకుంటే ఆరు నెలల లోపు బిడ్డల్లో ల్యాబ్‌లో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గింది. ఇది ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు, ఇంజెక్షన్ రూపంలో ఉండేది మాత్రమే.

ఇక్కడ నా మనసులో ఉన్న అసలు భయం బయటపెట్టాను. టీకా వల్ల గర్భం పోతుందా? ఆవిడ చిరాకు పడలేదు, నవ్వి కొట్టిపారేయలేదు. 2017లో ఒక అధ్యయనంలో, వరసగా రెండేళ్లు ఒక రకం ఫ్లూ టీకా తీసుకున్నవాళ్లలో గర్భస్రావాలతో సంబంధం ఉందేమో అన్నట్టు వచ్చిందట. అదే బృందం ఇంకా ఎక్కువ మందితో, వేరే సీజన్లలో మళ్లీ చూసి 2019లో ఆ సంబంధం కనిపించలేదని తేల్చింది. ఇంకో మాట కూడా చెప్పారు, తెలిసిన గర్భాల్లోనే నూటికి పది నుంచి ఇరవై దాకా, టీకా ఉన్నా లేకున్నా, ఎక్కువగా తొలి మూడు నెలల్లో పోతాయి. ఎంతోమందికి టీకాలు వేస్తున్నప్పుడు కొందరికి ఆ రెండూ ఒకే వారంలో పడతాయి. అలా జరిగిన తల్లికి అది టీకా వల్లే అనిపించడం సహజం, ఆ బాధని తక్కువ చేయకూడదు, కానీ టీకా వేయించుకోనివాళ్లతో పోల్చి చూస్తేనే నిజం తెలుస్తుంది. ఎంత ఓపికగా చెప్పారంటే, ఆరోజే ఫ్లూ టీకా వేయించుకుని వచ్చాను.

కోవిడ్ టీకా గురించి తక్కువ మాట్లాడుకున్నాం. 2020లో జరిగిన మొదటి పరీక్షల్లో గర్భిణుల్ని తీసుకోలేదు, అందుకే అప్పట్లో అంత అయోమయం. గర్భిణులు వేవిళ్లకి వాడిన థాలిడోమైడ్ మాత్రల వల్ల 1950ల చివర నుంచి 1961 దాకా వేలమంది పిల్లలు చేతులు కాళ్లు సరిగా లేకుండా పుట్టారు కదా, అప్పటి నుంచి గర్భిణుల మీద దేన్నీ పరీక్షించడానికి అందరికీ జంకే. దాని ఫలితం ఏమైందంటే, కోవిడ్ విజృంభించినప్పుడు గర్భిణులకే సమాచారం కరువైంది. 2021లో అమెరికాలో టీకా వేయించుకున్న 35 వేల మందికి పైగా గర్భిణుల సమాచారం వచ్చాకే ధైర్యం వచ్చింది, ఆ ఏడాది ఆగస్టులో అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ గర్భిణులందరినీ వేయించుకోమంది. ఇప్పుడు మళ్లీ దేశాల మధ్య తేడాలున్నాయి, 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఆరోగ్యంగా ఉన్న గర్భిణులకి ఆ సిఫారసు తీసేసింది, అక్కడి గైనకాలజిస్టుల సంఘం మాత్రం వేయించుకోమనే అంటోంది. మీరుండే చోట రూల్ ఏంటో, మీ ఆరోగ్యం ఏంటో చూసుకుని మీ డాక్టరుతో మాట్లాడండి. మా ఆయనది రోజూ జనం మధ్య తిరిగే ఉద్యోగం కాబట్టి నేను వేయించుకున్నాను.

నాకు కష్టమైన నిర్ణయం ఆర్‌ఎస్‌వీ. పసిపిల్లల ఊపిరితిత్తుల్ని పట్టే వైరస్ ఇది, పాలు తాగలేక, ఊపిరి అందక ఎంతోమంది చంటిపిల్లలు ఆస్పత్రిలో చేరేది దీనివల్లే. గర్భిణులకి ఇచ్చే టీకా పేరు అబ్రిస్వో, 2023 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏడు వేల మందికి పైగా గర్భిణులతో చేసిన ట్రయల్‌లో, పుట్టిన మొదటి మూడు నెలల్లో తీవ్రమైన జబ్బు నుంచి 81.8 శాతం రక్షణ, ఆరు నెలల దాకా చూస్తే 69.4 శాతం. అంకెలు చూసి వెంటనే సరే అనబోయాను. డాక్టరమ్మ "ఆగండి, మీ విషయంలో ఇంకోటి ఉంది" అన్నారు.

ఆ ట్రయల్‌లో నెలలు నిండకముందే కాన్పు టీకా తీసుకున్నవాళ్లలో 5.7 శాతం, తీసుకోనివాళ్లలో 4.7 శాతం. ఆ తేడా యాదృచ్ఛికంగానూ వచ్చి ఉండొచ్చు, టీకా వల్లే అని తేలలేదు. కానీ ఇంకో కంపెనీ చేస్తున్న ఇలాంటి టీకా ట్రయల్‌ని ఇదే కారణంతో 2022లో ఆపేశారు. అందుకే అమెరికాలో జాగ్రత్త కోసం 32 నుంచి 36 వారాల మధ్య మాత్రమే ఇస్తారు, బ్రిటన్‌లో 28 వారాల నుంచి ఇస్తున్నారు. ఇది వినగానే నా ముఖం మారిపోయిందేమో, నర్సు మంచినీళ్లు తెచ్చిచ్చింది. నాకు భయం పెట్టడానికి కాదని, నాలాంటి వాళ్లకి దారి ఇంకోటి ఉందని డాక్టరమ్మ చెప్పారు. బిడ్డకే పుట్టాక నిర్సెవిమాబ్ అనే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, అది తయారుగా ఉన్న యాంటీబాడీ. తల్లికి టీకా లేదా బిడ్డకి ఇంజెక్షన్, మామూలుగా రెండిట్లో ఒకటి చాలు. పైగా నాకు మళ్లీ ముందే కాన్పు అయితే, టీకా వేశాక యాంటీబాడీలు తయారై బిడ్డకి చేరడానికి కావాల్సిన ఆ రెండు వారాలు దొరక్కపోవచ్చు, అప్పుడు ఎలాగూ బిడ్డకి ఇంజెక్షనే కావాలి. "నాకు తెలిసింది చెప్పాను, రెండూ మంచి దారులే, ఇంటికెళ్లి మాట్లాడుకోండి" అన్నారు. ఇదివరకు విన్న "మీ ఇష్టం"కీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. అన్నీ చెప్పి, నా పరిస్థితికి ఏది కుదురుతుందో చూపించి, ఆ తర్వాత నిర్ణయం నాకు వదిలారు. మా ఆయనా నేనూ మాట్లాడుకుని బిడ్డకే ఇప్పిద్దామనుకున్నాం. మొదటి కాన్పు మామూలుగా అయి ఉంటే నేను అబ్రిస్వో వేయించుకునేదాన్నే, ఆ మాట కూడా రాస్తున్నాను, నన్ను చూసి అందరూ వద్దనుకోకూడదు కదా.

టీకా వేసే గది గురించి. నర్సు సీసా తీసి నా చేతికిచ్చి పేరు, ఎక్స్‌పైరీ తేదీ నన్నే చదవమంది, బ్యాచ్ నంబరు నా కార్డులో రాసింది. తర్వాతే సూది. టీడాప్ ఏడో నెలలో వేయించుకున్నాను, రెండు రోజులు చెయ్యి పైకెత్తితే లాగినట్టుండేది, ఆ రాత్రి కొంచెం ఒళ్లు వెచ్చబడింది. జ్వరం వస్తే ఓర్చుకుంటూ కూర్చోవద్దని, పారాసిటమాల్ వేసుకోమని ముందే చెప్పారు, ముఖ్యంగా తొలి నెలల్లో జ్వరాన్ని వదిలేయకూడదట. వేశాక పావుగంట అక్కడే కూర్చోబెట్టారు, తీవ్రమైన అలర్జీ చాలా అరుదు కానీ వస్తే ఎక్కువగా ఆ కాసేపట్లోనే వస్తుంది. నా పక్కన కూర్చున్న ఆవిడకి వీధికుక్క కరిచిందని రేబిస్ టీకా వేశారు, గర్భం అని ఆలస్యం చేయడానికి లేదు, ఆ టీకా గర్భంలోనూ ఇస్తారు, ఇవ్వాలి కూడా.

ఇప్పుడు ఒక స్టార్ ఎందుకు తగ్గించాను అంటే. కౌన్సెలింగ్‌కి ఒక క్యూ, టీకాకి ఇంకో క్యూ, రెండు చోట్లా మళ్లీ అవే వివరాలు. నిండు పొట్టతో ఉన్నవాళ్లని అంతసేపు నిలబెట్టడం సరికాదు, కుర్చీలు సరిపోవు. టీడాప్ వేయించుకోవడానికి వెళ్లిన రోజు స్టాక్ లేదన్నారు, ఫోన్ చేసి చెప్పి ఉండొచ్చు, వారాల లెక్క ముఖ్యమని చెప్పింది వాళ్లే. చేతికిచ్చిన కరపత్రం పాతది, అందులో ఆర్‌ఎస్‌వీ ఊసే లేదు. ఇంట్లో మిగతావాళ్ల టీకాల గురించి నేను అడిగితే కానీ చెప్పలేదు, తాతయ్యలు, అమ్మమ్మ, నానమ్మలు, నాన్న, పెద్దపిల్లలు కూడా కోరింత దగ్గు, ఫ్లూ టీకాలు తమ వయసుకి తగ్గట్టు చూసుకోవాలి. సందేహాలకి ఇచ్చిన ఫోన్ నంబరు సాయంత్రం అయితే ఎత్తరు, మనకి భయాలు మొదలయ్యేది అప్పుడే. ఇవన్నీ సరిచేసుకోగలిగేవే, చేయాలని నిజంగా కోరుకుంటున్నాను.

వెళ్లేవాళ్లకి: పాత టీకా కార్డు, రక్తపరీక్షల రిపోర్టులు, మొదటి కాన్పు డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకెళ్లండి. ఐదో నెల దాటకముందే వెళితే వారాలు చూసుకునే టైమ్ ఉంటుంది. రక్తం నెగటివ్ గ్రూప్ ఉన్నవాళ్లకి ఇచ్చే యాంటీ డి ఇంజెక్షన్ టీకా కాదు, దాన్నీ దీన్నీ కలిపి గందరగోళపడి "ఒకటి అయిపోయిందిగా" అనుకోకండి, బయట కూర్చున్న ఒకావిడ సరిగ్గా అలాగే అనుకుంది. ఇంట్లో ఎవరు ఎక్కువ అభ్యంతరం చెప్తున్నారో వాళ్లనే వెంట తీసుకెళ్లండి, మీరు మధ్యవర్తిగా ఉండి ఇక్కడి మాట అక్కడ చెప్పడం కంటే వాళ్లే నేరుగా అడిగి వినడం మేలు. హెపటైటిస్ బి పరీక్ష రిపోర్టు చూపించమని కూడా అడగండి, తల్లికి ఉంటే పుట్టిన కొద్ది గంటల్లోనే బిడ్డకి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇవ్వాలి, కాన్పు అయ్యాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది.

ఇంటికొచ్చాక వాళ్లిచ్చిన కాగితాన్ని ఫైల్‌లో అన్నిటికంటే పైన పెట్టండి, ఫొటో కూడా తీసి ఉంచండి. పాప పుట్టాక పిల్లల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి "గర్భంలో ఆర్‌ఎస్‌వీ టీకా తీసుకున్నారా, తీసుకుంటే కాన్పుకి ఎన్ని రోజుల ముందు?" అని. మందుల మత్తులో, నిద్రలేమిలో ఉన్న నాకు ఆ క్షణంలో ఏదీ సరిగ్గా గుర్తులేదు, మా ఆయన ఆ కాగితం తీసి చూపించారు. తీసుకోలేదని, ఎందుకు తీసుకోలేదో కూడా డాక్టరమ్మ చేతిరాతతో అందులో ఉంది. డిశ్చార్జ్ అయ్యేలోపే పాపకి నిర్సెవిమాబ్ ఇచ్చేశారు, నాకు ఎంఎంఆర్ వేశారు.